బుజ్జికి, బోటు కొనే ముందు

బెల్లింగ్‌హామ్,
అక్టోబరు.



నువ్వు పంపిన మూడు కయాకుల ఫొటోలూ చూశాను. ఎర్రది చాలా అందంగా ఉంది. కానీ మూడింట్లో ఏదీ ఇప్పుడు కొనకు. ఈ మాట ఫోన్లో చెబితే "ఎందుకు పిన్నీ?" అంటావు, నేను మొదలుపెట్టి సగంలో ఉండగా నీకు మీటింగు వేళవుతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

మొదటి ఫొటోలోది 10 అడుగుల పొడవున్న వెడల్పాటి బోటు. జూలై సాయంత్రం సమ్మామిష్ సరస్సులో ఒడ్డు వెంబడి తిరగడానికి బాగుంటుంది. దానికి కూర్చునే చోటు ముందూ వెనకా నీళ్లు చొరబడని అడ్డుగోడలు లేవు. తిరగబడితే బోటంతా నిండిపోతుంది. లోతు నీళ్లలో దాన్ని తోడి మళ్లీ ఎక్కి కూర్చోవడం ఒంటరిగా ఎవరి వల్లా కాదు. సముద్రం మీదికి తీసుకెళ్లే బోటు వేరు. 16, 17 అడుగుల పొడవు, రెండడుగుల లోపు వెడల్పు, ముందొక గది, వెనకొక గది, వాటికి బిగుతైన మూతలు, పైన చుట్టూ పట్టుకోవడానికి తాడు. మధ్యలో నీళ్లు నిండినా ఆ రెండు గదుల్లో గాలి ఉంటుంది కాబట్టి తేలుతూనే ఉంటుంది. నువ్వు మెచ్చిన ఎర్రది అలాంటిదే, కానీ అది ఆరడుగుల మనిషి కొలతకి చేసిన బోటు. నీ ఎత్తుకి మోకాళ్లు డెక్కు కింద ఆనవు. మోకాళ్లు ఆనకపోతే బోటు నీ మాట వినదు, ఎందుకంటే దాన్ని వాల్చేదీ నిలబెట్టేదీ నడుమూ మోకాళ్లే, చేతులు కాదు. మూడోది నిజంగా మంచి బోటు, అయినా ఆగు. ఈ చలికాలమంతా నీ కయాక్ క్లబ్బు వాళ్ల బోట్లలో కూర్చుని చూడు. క్లబ్బుల్లో ఉండే మనుషులు తమ బోటు ఎవరైనా కూర్చుని చూస్తామంటే ఎంత సంతోషిస్తారో నీకింకా తెలీదు. వసంతానికి నీకు నప్పే కొలత నీకే తెలుస్తుంది, అప్పుడు పాతది కొనుక్కో. చాలామంది ఉత్సాహంగా కొని రెండేళ్లు గ్యారేజీలో పెట్టి అమ్మేస్తారు. వాటిలో మంచివి దొరుకుతాయి.

మరి చేతిలో ఉన్న డబ్బు? అది నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూటుకి పెట్టు. కొత్తదైతే తరచూ వెయ్యి డాలర్లు దాటుతుంది. "బట్టలకి అంతా?" అని అడగకముందే చెబుతున్నాను. ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ భాగం గుర్తుంచుకో.

నువ్వు హైదరాబాదులో పెరిగావు, సముద్రం అంటే నీకు సెలవుల్లో భీమిలి. అక్కడ నీళ్లు ఏ నెలలో దిగినా గోరువెచ్చగానే ఉంటాయి, 25 నుంచి 30 డిగ్రీలు. ఇక్కడ ప్యూజెట్ సౌండ్ నీళ్లు ఏడాది పొడుగునా సుమారుగా 8 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటాయి. ఎండాకాలం వచ్చినా పెద్దగా మారవు. ఆ నీళ్లలో హఠాత్తుగా పడితే మొదట జరిగేది వణుకు కాదు. ఊపిరి నీ చేతిలో ఉండదు. నోరు దానంతటదే తెరుచుకుంటుంది, ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి వెళతాయి. ఎంత బాగా ఈతొచ్చినవాళ్లయినా చాలాసార్లు మునిగేది ఈ దశలోనే. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు మంచునీళ్లలో మనిషి శరీరం ఏమవుతుందో తన ఒంటి మీదే పరీక్షలు చేసుకున్నారు. ఆయన చెప్పిన లెక్క ఇక్కడ ప్రతి క్లబ్బులోనూ చెబుతారు: 1, 10, 1. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులూ వేళ్లూ పని చేసే వ్యవధి 10 నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి 1 గంట. అంటే చలికి చనిపోతామన్న భయం కంటే ముందు భయపడాల్సింది వేళ్లు పని చేయకపోవడానికి. వేళ్లు మొద్దుబారాక తాడు పట్టుకోలేవు, కట్టు విప్పలేవు, రేడియో మీట నొక్కలేవు. లైఫ్ జాకెట్ ఆ మొదటి నిమిషం నిన్ను పైన ఉంచుతుంది. డ్రైసూట్ ఆ 10 నిమిషాలని సాగదీస్తుంది. రెండూ ఒంటి మీద ఉండాలి, బోటు వెనక గదిలో కాదు.

మనవాళ్లు ఎక్కువగా పొరపడే నెలలు ఏప్రిల్, మే. వర్షాలు తగ్గి, మొదటిసారి 20 డిగ్రీల ఎండ కాస్తుంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ కుర్రాళ్లు గాలి కొట్టే బోట్లు తీసుకుని టీషర్టుల మీద వాషింగ్టన్ సరస్సులో దిగుతారు. గాలి వెచ్చగా ఉంది కాబట్టి నీళ్లు కూడా అలాగే ఉంటాయనుకుంటారు. సరస్సుని చలికాలం ఇంకా వదిలి ఉండదు. నువ్వు బట్టలు వేసుకునేది నీళ్లని బట్టి. ఒడ్డున నిలబడితే చెమట పడుతుంది, పట్టనీ. ఒకసారి నీళ్లలో మునిగి లే, చల్లబడిపోతుంది.

డ్రైసూట్ గురించి ఇంకొన్ని, ఎందుకంటే ఇవి మనవాళ్లకి ఎవరూ చెప్పరు. దాని మెడ దగ్గరా మణికట్ల దగ్గరా పల్చటి లేటెక్స్ పట్టీలుంటాయి. నీళ్లని ఆపేది అవే. లేటెక్స్‌కి నూనె శత్రువు. కాబట్టి తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజు సూట్ వేసుకోవద్దు, ముందురోజు తలంటుకో. గాజులు, ఉంగరాలు, చెవి జుంకాలు, మెడలో గొలుసు అన్నీ ఇంట్లో తీసి రా. గోళ్లు కత్తిరించుకో. జడ గట్టిగా అల్లి ముడి పెట్టి టోపీ కిందికి తోసెయ్, లేకపోతే మెడ పట్టీలోంచి తల బయటికి వచ్చేటప్పుడు ఏడుపొస్తుంది. సూటుకి తనంతట తాను వెచ్చదనం లేదు, అది నీళ్లని బయట ఉంచుతుందంతే. లోపల ఉన్నిదో ఫ్లీసుదో వేసుకోవాలి. నూలు బట్ట మాత్రం వద్దు, తడిస్తే ఆరదు. వేసుకున్నాక గొంతుకూర్చుని మోకాళ్లు కౌగిలించుకుని మెడ పట్టీ వేలితో లాగి లోపలి గాలి వదిలెయ్యి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరవేయి. జిప్పుకి మైనం రాయి. ఇలా చూసుకుంటే చాలా ఏళ్లు వస్తుంది. ఇంకో మాట, మన ఆడపిల్లలు చాలామంది ఈతకి దూరంగా ఉండేది నీళ్లకి భయపడి కాదు, ఈత బట్టలకి సిగ్గుపడి. డ్రైసూట్‌లో మెడ నుంచి పాదాల దాకా కప్పి ఉంటుంది. నీ స్నేహితురాళ్లెవరైనా అందుకు వెనకాడుతుంటే ఈ సంగతి చెప్పు.

మిగతా సామాను కొద్దిగానే. తెడ్డు మాత్రం తేలికది కొనుక్కో. ఒక రోజులో కొన్ని వేలసార్లు ఎత్తుతావు, పావుకిలో తేడా సాయంత్రానికి భుజాల్లో తెలుస్తుంది. నడుం చుట్టూ కట్టుకుని కూర్చునే చోటు అంచుకి బిగించే స్ప్రే స్కర్ట్. నీళ్లు తోడే చేతిపంపు. తెడ్డు చివర తొడిగే పాడిల్ ఫ్లోట్. లైఫ్ జాకెట్‌కి తాడుతో కట్టిన ఈల. నీళ్లలో పడినా పాడవని వి.హెచ్.ఎఫ్. రేడియో. ఫోను ఉంది కదా అనకు, తడి వేళ్లకి ఫోను తెర పలకదు, ద్వీపాల మధ్య సిగ్నలూ ఉండదు. రేడియోలో 16వ ఛానెల్ మీద మాట్లాడితే కోస్ట్‌గార్డ్‌తో పాటు చుట్టుపక్కల పడవలన్నీ వింటాయి. అది కూడా లైఫ్ జాకెట్ జేబులోనే ఉండాలి. బోటు నీ నుంచి విడిపోయి గాలికి కొట్టుకుపోతే దాంట్లో ఉన్నవన్నీ దానితోనే పోతాయి. నీ దగ్గర మిగిలేది నీ ఒంటి మీద ఉన్నదే.

ఇప్పుడు రోల్ సంగతి, అంటే తిరగబడ్డాక బోటులోంచి దిగకుండానే మళ్లీ పైకి రావడం. నీ క్లబ్బులో ఇంకొద్ది వారాల్లో పూల్ సెషన్లు మొదలవుతాయి కదా. వీడియోలో ఒకావిడ చేతిలో తెడ్డు కూడా లేకుండా గిర్రున తిరిగి పైకి రావడం చూసి మతి పోయిందని రాశావు. నాకూ అది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ విద్య గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్లది. సీలు చర్మంతో కుట్టిన అంగీని బోటు అంచుకి బిగించి కట్టుకుని వేటకి వెళ్లేవాళ్లు. ఆ మంచునీళ్లలో బోటు వదిలి బయటపడితే బతుకు లేదు. వాళ్లలో చాలామందికి ఈత కూడా వచ్చేది కాదు. అందుకని తెడ్డు చేతిలో ఉన్నా లేకపోయినా, ఒక చెయ్యి హార్పూన్ తాడులో చిక్కుకున్నా పైకి రావడానికి రకరకాల రోల్స్ కనిపెట్టారు. ఇప్పటికీ గ్రీన్‌లాండ్ జాతీయ పోటీల్లో ముప్ఫైకి పైగా రకాలు ఒకదాని తర్వాత ఒకటి చేసి చూపిస్తారు. మనం పూల్లో నేర్చుకునే రోల్ వాళ్ల దగ్గర నుంచి వచ్చిందేనని మనసులో ఉంచుకో.

కానీ నువ్వు నేర్చుకోవాల్సిన మొదటిది రోల్ కాదు, వెట్ ఎగ్జిట్. తలకిందులయ్యాక స్కర్ట్ లాగి బయటికి రావడం. స్కర్ట్ ముందు భాగంలో ఒక పట్టీ ఉంటుంది, దాన్ని గ్రాబ్ లూప్ అంటారు. ఎక్కిన ప్రతిసారీ అది బయటికి ఉందో లేదో కళ్లతో చూసి, చేత్తో తడిమి, అప్పుడు ఒడ్డు వదులు. పట్టీ లోపలికి మడతపడి స్కర్ట్ బిగిసిపోతే తలకిందులుగా దాని కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. మొదటిసారి నిన్ను తిరగబడమన్నప్పుడు గుండె దడదడలాడుతుంది. నేర్పేవాళ్లు పక్కనే నీళ్లలో నిలబడి ఉంటారు. తిరగబడగానే లాగెయ్యకు. బోటు అడుగుని రెండు చేతులతో మూడుసార్లు తట్టు, తర్వాత చేతులు బోటు పొడుగునా ముందుకీ వెనక్కీ ఆడించు, అప్పుడు పట్టీ దగ్గరికి వెళ్లు. ఆ మూడు తట్లూ నేర్పేది ఒకటే: కింద కూడా నీకు టైముంది. మూడు తట్లు కొట్టే నిదానం వచ్చిందంటే సగం విద్య వచ్చినట్టే.

ఈత రాకుండా ఇవేవీ చేయొద్దు. నువ్వు ఈదగలనన్నావు, కానీ లోతు లేని వైపు అటూ ఇటూ వెళ్లడమా, తల ముంచి ఊపిరి వదలడమా? చివరిది రాకపోతే ఈ నెలలోనే పెద్దవాళ్లకి నేర్పే క్లాసులో చేరు. చాలా ఊళ్లలో ఉన్నాయి.

రోల్ దగ్గరికి వద్దాం. కుడివైపు పైకి వచ్చే రోల్ చెబుతాను. ముందుకి వంగి తెడ్డుని బోటుకి ఎడమపక్క పొడుగ్గా పెట్టుకుని ఎడమకి పడతావు. తలకిందులయ్యాక అదే వంగిన భంగిమలో ఉండి, చేతుల్ని గాలి వైపు చాపు, తెడ్డు నీటి మీదికి తేలాలి. మణికట్టుతో రెక్కని బల్లపరుపుగా సరిచెయ్యి. అప్పుడు ముందు నుంచి బయటికి పెద్ద వంపులో, నీటి పైపైన ఊడ్చు. కిందికి గుంజకు. తెడ్డుని గుంజి పైకి రావాలనుకోవడమే అందరినీ ఓడించేది. తెడ్డు నిన్ను మోయదు, ఒక క్షణం ఆసరా ఇస్తుందంతే. ఆ క్షణంలో కుడి మోకాలితో డెక్కుని పైకి ఎత్తి నడుముతో బోటుని తిప్పాలి. బోటు లేచాక ఒళ్లు, ఒళ్లు లేచాక తల. తల ఆఖరున.

ఈ తల ఆఖరున అన్న మాట నీకు నేర్పేవాళ్లు ఆ సాయంత్రం వందసార్లు అంటారు. విసుక్కోకు. ప్రాణం గాలి కోసం కొట్టుకుంటుంటే తలని ముందు పైకెత్తాలనిపిస్తుంది. తల దాదాపు 5 కిలోల బరువు. దాన్ని నీళ్లలోంచి ఎత్తగానే ఆ బరువంతా బోటుని మళ్లీ కిందికి తిప్పేస్తుంది. దీనికి మందు ఒకటే. ఊడ్చేటప్పుడు తెడ్డు రెక్క వైపే చూస్తూ ఉండు. కళ్లు రెక్కని వెంబడిస్తే చెవి భుజానికి ఆనుకుంటుంది, తల తనంతట తాను ఆఖరుకి వస్తుంది.

మొదటి సెషన్లలో తెడ్డు ముట్టుకోకు. పూల్ గట్టు పట్టుకుని, తర్వాత ఇంకొకరి బోటు ముక్కు పట్టుకుని, మోకాలితో బోటుని ఒక పక్కకి పడేసి మళ్లీ తిప్పడం ఒక్కటే చెయ్యి. చేతుల మీద బరువు ఎంత తక్కువ పడితే అంత బాగా వస్తున్నట్టు. ఆ తర్వాత తెడ్డు చివర ఫ్లోట్ తొడిగి, ఆఖరున ఫ్లోట్ తీసేసి. మోచేతులు ఎప్పుడూ పక్కటెముకలకి దగ్గరగా ఉంచుకో. చెయ్యి తల పైకీ వెనక్కీ వెళ్లిన స్థితిలో బరువు పడితే భుజం కీలు తప్పుతుంది. రెండోసారి తప్పడం ఇంకా తేలిక. ముక్కుకి క్లిప్, కళ్లకి గాగుల్స్ పెట్టుకో. చెవుల్లోకి చల్లనీళ్లు వెళితే తల తిరిగి ఎటు పైనో ఎటు కిందో తెలియదు, అందుకని బయట చేసేటప్పుడు హుడ్ తప్పనిసరి. అలసిపోయాక ఆపెయ్. అలసటలో చేసిన ప్రతి రోల్ ఒంటికి తప్పుడు అలవాటు నేర్పుతుంది.

వసంతంలో సరస్సులో, తర్వాత ఉప్పునీళ్లలో, తర్వాత చిన్న అలల్లో చెయ్యి. పూల్లో పదికి పది వచ్చే రోల్ అలల్లో, అనుకోకుండా పడ్డప్పుడు, రాకపోవచ్చు. అది రోల్ రాకపోవడం కాదు, ఇంకా ఆ నీళ్లకి అలవాటు పడకపోవడం.

ఇక్కడే నేను నీకు అసలు చెప్పాలనుకున్నది ఉంది. నీ మెసేజీలో "రోల్ వచ్చేస్తే ఇంక ఒక్కదాన్నే వెళ్లొచ్చు కదా" అన్నావు. అది చదివినప్పుడే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను.

జీనో వాట్కిన్స్ అని ఒక ఆంగ్లేయ యువకుడు ఉండేవాడు. 1930, 31లో గ్రీన్‌లాండ్ మీదుగా విమానాల దారి వెతికే యాత్రకి నాయకుడిగా వెళ్లాడు. అక్కడి వేటగాళ్ల దగ్గర కయాకూ రోలూ నేర్చుకున్నాడు. ఐరోపావాళ్లలో ఆ విద్య పట్టుబడిన తొలివాళ్లలో ఒకడు. 1932 ఆగస్టులో మళ్లీ గ్రీన్‌లాండ్‌లోనే ఒక ఫియర్డ్‌లో సీళ్ల వేటకి ఒంటరిగా వెళ్లాడు. సహచరులకి తిరగబడి తేలుతున్న అతని కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్లు. ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు, అదే విషాదం. అతనికి వచ్చినంత రోల్ నీకూ నాకూ ఎప్పటికీ రాదు.

కాబట్టి రోల్ కోసం పెట్టే టైముకి సమానంగా రెస్క్యూకి పెట్టు. టి-రెస్క్యూ అంటే, నువ్వు నీళ్లలో ఉన్న మనిషి బోటు ముక్కుని నీ డెక్కు మీదికి అడ్డంగా లాగి, నీళ్లు పారబోసి, తిప్పి, నీ బోటు పక్కన సమాంతరంగా పెట్టుకుని, దాని మీదికి ఒరిగి బలమంతా పెట్టి పట్టుకోవడం. ఆ మనిషి వెనక డెక్కు మీదికి బోర్లా ఎక్కి, కాళ్లు లోపలికి జార్చి, నెమ్మదిగా తిరిగి కూర్చుంటాడు. బాగా సాధన చేసిన ఇద్దరికి రెండు మూడు నిమిషాల పని. నీకంటే బరువైన మనిషిని ఎక్కించడం చెయ్యి, భయపడిపోయిన మనిషిని ఎక్కించడం చెయ్యి, ఎక్కించే లోపు అతనితో ఏం మాట్లాడాలో కూడా నేర్చుకో. "బోటు వదలకు, నా మొహం చూడు, ఇప్పుడు కాలు తన్ను." చిన్న మాటలు, గట్టిగా. పడ్డవాడిగా కూడా చాలాసార్లు పడు. నీళ్లలో నువ్వు ఎలా ఉంటావో నీ వాళ్లకి తెలియాలి, వాళ్లెలా ఉంటారో నీకు తెలియాలి. క్లబ్బు ఇచ్చేది బోట్లూ సామానూ కాదు బుజ్జీ, తడిసినప్పుడు ఎలా ఉంటారో నీకు తెలిసిన మనుషుల్ని ఇస్తుంది.

సియాటెల్‌లో ఈ సంప్రదాయం పాతది. వోల్ఫ్ బావర్ అనే జర్మన్ వలసదారు 1948లో ఇక్కడ మడతపెట్టే బోట్ల వాళ్లందరినీ చేర్చి క్లబ్బు పెట్టారు. అదే తర్వాత వాషింగ్టన్ కయాక్ క్లబ్ అయింది. అదే ఏడాది కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే స్వచ్ఛంద దళం కట్టడంలోనూ ఆయనే ముందున్నారు. ఒకే మనిషి ఒకే ఏడాది ఈ రెండూ చేయడం నాకు కాకతాళీయం అనిపించదు. భీమిలిలో తెప్పలు వేసే పెద్దలు కూడా అంతే. ఇద్దరు ముగ్గురు లేకుండా తెప్ప తోసేవాళ్లు కాదు. ఎంత తొందరున్నా ముందు నిలబడి అలల్ని కాసేపు చూసేవాళ్లు.

క్లబ్బు ప్రయాణాల్లో బయల్దేరే ముందు ఒడ్డున అందరూ గుండ్రంగా నిలబడతారు. ఎవరు ముందుంటారు, ఎవరు అందరి కంటే వెనకుంటారు, ఎక్కడ దాటతాం, గాలి పెరిగితే ఎక్కడ దిగిపోతాం, ఎవరికి ఏ నొప్పి ఉంది, ఎవరి దగ్గర రేడియో ఉంది, అన్నీ చెప్పుకుంటారు. అక్కడ సిగ్గుపడి ఊరుకోకు. "నిన్న రాత్రి నిద్ర లేదు" అన్నది కూడా వాళ్లకి కావలసిన సమాచారమే. ఇవాళ ఇది నా వల్ల కాదు అనిపిస్తే అక్కడే చెప్పు, ఎవరూ చిన్నచూపు చూడరు. నీళ్ల మీద అందరి కంటే నిదానంగా వచ్చేవాళ్ల వేగమే గుంపు వేగం. నీకు బలం వచ్చాక కూడా ముందుకి దూసుకుపోకు, వెనక ఉండేవాళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకుంటావు.

ఆటుపోట్ల గురించి క్లాసులో పూర్తిగా చెబుతారు, నేను రెండే చెబుతాను. సియాటెల్‌లో రోజులో పోటుకీ ఆటుకీ తేడా సగటున 11 అడుగులు, విశాఖలో అందులో సగం ఉండదు. అన్ని నీళ్లు ఇరుకు సందుల్లోంచి రోజుకి నాలుగుసార్లు దిశ మార్చుకుని పారాలి. డిసెప్షన్ పాస్ అనే సందు దగ్గర ఆ వేగం 8 నాట్ల దాకా వెళుతుంది. నువ్వు హాయిగా తెడ్డేసే వేగం 3 నాట్లు. అంటే అక్కడ నువ్వు వెళ్లేది నీళ్లు వెళ్లే వైపే. రెండోది, పోటు పూర్తయిన వేళా ప్రవాహం ఆగే వేళా ఒకటే అనుకోకు. చాలా చోట్ల గంటా రెండు గంటల తేడా ఉంటుంది. అందుకే ఆటుపోట్ల పట్టిక వేరు, ప్రవాహాల పట్టిక వేరు, రెండూ చూడాలి. ప్రవాహానికి ఎదురుగా గాలి వీచే వేళ ఆ చోట్లకి వెళ్లకు. అరగంటలో అలలు నిటారుగా లేస్తాయి.

ఓర్కా తిమింగలాలు కనిపిస్తే తెడ్డు ఆపి దూరంగా ఉండు. ఇక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలు అంతరించిపోయే స్థితిలో ఉన్నాయి. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో వాటికి 1,000 గజాల దూరం పాటించాలని చట్టం. నీకు అవి ఎంత దూరంలో కనిపించినా ఆ రోజు మరచిపోలేవు, దగ్గరికి వెళ్లక్కర్లేదు.

తిండి సంగతి: పులిహోర చల్లారినా బాగుంటుంది, డబ్బాలో పెట్టుకో. ఫ్లాస్కులో వేడి చారు పోసుకో. నీకే కాదు, వణుకుతున్నవాళ్లకి ఇవ్వడానికి కాస్త ఎక్కువ.

ఆఖరున, అమ్మ వేసవిలో వస్తోంది కదా, తనని ఎక్కించొచ్చా అని అడిగావు. ఎక్కించు. అక్కకి నీళ్లంటే భయమని మీరంతా అనుకుంటారు గాని, చిన్నప్పుడు భీమిలిలో అలలకి ఎదురు వెళ్లి నిలబడేది తనే. సముద్రంలోకి వద్దు, యూనియన్ సరస్సులో అద్దెకి దొరికే వెడల్పాటి ఇద్దరి బోటు తీసుకో. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి సీప్లేన్లూ పడవలూ ఎక్కువవుతాయి. చీర వద్దు, చున్నీ వద్దు, మందపాటి పంజాబీ డ్రెస్సులూ తడిస్తే బరువే. నీ ఫ్లీస్ ప్యాంటు ఇవ్వు. లైఫ్ జాకెట్ కొలత ఒడ్డునే సరిచూడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాకా రాకూడదు, వస్తే పట్టీలు బిగించు. తను ముందు సీట్లో, నువ్వు వెనక. కళ్లద్దాలకి తాడు కట్టు. ఒడ్డుకి దగ్గరగా, ఈదుకుని రాగలిగినంత దూరంలోనే ఉండండి. పక్కన నేను నా బోటులో ఉంటాను. తేదీ అనుకున్నాక వారం ముందు చెప్పు, బెల్లింగ్‌హామ్ నుంచి నా బోటు కారు మీద కట్టుకుని బయల్దేరాలి.

ఉంటాను,
మీ పిన్ని.